రాగిరేకులపై చిలుము – ద్రావణి ఎంపిక: తాళ్ళపాక సంకీర్తనల పాఠపరిష్కరణకు ఒక రసాయన భూమిక

వ్యాససంగ్రహం

తిరుమల సంకీర్తన భాండాగారంలో లభించిన తాళ్ళపాక రాగిరేకులు తెలుగు పదసాహిత్యానికి మూలాధారాలు. రాగి మీద ఏర్పడే చిలుమును ఏ ద్రవంతో, ఎంతవరకు తొలగించాలన్నది రసాయన శాస్త్రవేత్తలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. అది పాఠనిర్ణయానికీ సంబంధించినది. తుపాకీ గొట్టంలో అంటుకున్న రాగిని తొలగించే ద్రావణులతో పోల్చి, రాగిశాసనాల శుద్ధిలో ద్రావణిని ఎంచుకునే పద్ధతిని వివరించడం, ఆ ఎంపిక అక్షరరూపాలపై చూపే ప్రభావాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాగిరేకులు, చిలుము, ద్రావణి, అమ్మోనియా, టార్ట్రేటు, క్లోరైడు, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

అన్నమాచార్య సంకీర్తనను ఉదాహరించే పరిశోధకుడు పల్లవితో పాటు రేకు సంఖ్యను కూడా ఇస్తాడు. పుస్తకంలోని పుట సంఖ్య ముద్రణ ముద్రణకూ మారవచ్చు గాని రేకు సంఖ్య మారదు. అంటే సిద్ధాంత గ్రంథాల అధోజ్ఞాపికల్లో కనిపించే ఆ చిన్న అంకె చివరికి ఒక లోహఫలకం వైపు వేలు చూపిస్తోంది. ఆ లోహం రాగి. గాలి, తేమ, నూనె, చేతి చెమట తగిలిన రాగి చిలుము పడుతుంది. చిలుము పట్టిన రేకును చదవాలంటే శుభ్రం చేయాలి. శుభ్రం చేసే ప్రతి పద్ధతీ రేకును ఎంతో కొంత మార్చివేస్తుంది. చదవడానికి చేసే పనే చదవవలసిన దానిని తరిగించే ఈ వైరుధ్యం తాళపత్రాల విషయంలో ఇంత తీవ్రంగా లేదు.

తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. 1922 ప్రాంతంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి చొరవతో అవి పండితలోకం దృష్టికి వచ్చాయి. అనంతరం వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి వారు తిరుపతి కేంద్రంగా ఆ పాఠాలను పరిష్కరించారు. పరిష్కరణలో ఎదురైన లేఖకదోషాలు, ఛందోభంగాలు, మాండలిక రూపాల గురించి విస్తారమైన చర్చ జరిగింది. అక్షరాన్ని మోస్తున్న లోహం గురించి తెలుగులో అంత చర్చ జరగలేదు. తెలుగు శాఖలకూ రసాయన శాస్త్ర శాఖలకూ మధ్య ఉన్న నడవా ఒక్కటే అయినా రాకపోకలు తక్కువ కావడం దీనికి ఒక కారణం.

2. తుపాకీ గొట్టం నేర్పే పాఠం

రాగిని కరిగించే ద్రవాల గురించి అత్యంత ఆచరణాత్మకమైన అనుభవం గడించినవారు శాసనపరిష్కర్తలు కారు, తుపాకీ కాల్చేవారు. కళాశాలల్లో ఎన్.సి.సి. బాధ్యతలు నిర్వహించే అధ్యాపకులకు ఫుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డ, రైఫిల్ ఆయిల్ పరిచితమైనవే. అయితే శిక్షణలో వాడే .22 రైఫిల్ గుండు సాధారణంగా సీసపుది. దానితో రాగి సమస్య రాదు. 7.62 మి.మీ. వంటి పెద్ద రైఫిళ్ళ గుండుకు రాగి ప్రధానంగా ఉండే మిశ్రలోహపు తొడుగు ఉంటుంది. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళ మీదుగా ఆ గుండు అతివేగంతో ఒరుసుకుపోయేటప్పుడు తొడుగు లోహం పలుచని పూతగా ఉక్కుకు అంటుకుంటుంది. కొన్ని వందల గుళ్ళు పేలాక ఆ పూత గురిని చెడగొడుతుంది. గీకి తీస్తే గాళ్ళు దెబ్బతింటాయి. కనుక కరిగించి తీయాలి.

దీనికి చిరకాలంగా వాడుకలో ఉన్నది అమ్మోనియా. గాలిలోని ఆక్సిజన్ రాగిని ఆక్సీకరిస్తే, అమ్మోనియా ఆ రాగి అయాన్లను చుట్టుముట్టి ముదురు నీలిరంగు సంశ్లిష్టంగా మార్చి నీటిలోకి లాగుతుంది. ఇనుము అమ్మోనియాతో నీటిలో అటువంటి స్థిరమైన సంశ్లిష్టాన్ని ఏర్పరచదు. కాబట్టి రాగి పోతుంది, ఉక్కు నిలుస్తుంది. ద్రావణి ఎంపిక అనే విద్య సారమంతా ఈ భేదంలోనే ఉంది: పోవలసినది ఒక పదార్థం, నిలవవలసినది మరొక పదార్థం, ఆ రెండింటిలో ఒకదానినే గుర్తుపట్టగల ద్రవం కావాలి.

ఈ ప్రక్రియకు ఒక ముగింపు గుర్తు కూడా ఉంది. ద్రావణంలో తడిపిన చిందీ నీలంగా బయటకు వస్తే గొట్టంలో ఇంకా రాగి ఉన్నట్టు, తెల్లగా వస్తే పని ముగిసినట్టు. ఇందులోనూ ఒక మోసం లేకపోలేదు. ఇత్తడి లేదా కంచు తీగల బ్రష్షు వాడితే ద్రావణి ఆ బ్రష్షులోని రాగినే కరిగించి చిందీని నీలం చేస్తుంది. అనుభవం లేనివారు గొట్టం శుభ్రం కాలేదనుకొని రోజంతా రుద్దుతూనే ఉంటారు. నైలాన్ బ్రష్షు వాడమని చెప్పేది అందుకే.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యంలో అమ్మోనియాకు అమ్మోనియం పర్‌సల్ఫేటు వంటి బలమైన ఆక్సీకారిణిని చేర్చి వాడేవారు. అది త్వరగా పనిచేసేది. గొట్టంలో మరచిపోయి ఆరనిస్తే మాత్రం ఉక్కునే గుంటలు పెట్టేది. ద్రావణి పేరు తెలిస్తే చాలదు, దాని గాఢత, అది ఉండవలసిన వ్యవధి, దానిని కడిగివేసే పద్ధతి కూడా ఎంపికలో భాగాలేనని ఆ అనుభవం చెబుతుంది. మరొక సంగతి: గొట్టంలో రాగి పూత మీద మందు మసి, మసి మీద మళ్ళీ రాగి పేరుకొని ఉంటాయి. మసి పొరను సేంద్రియ ద్రావణితో ముందు తీయకపోతే అమ్మోనియా రాగిని చేరనే చేరదు.

3. రేకు దగ్గర ఆ తర్కం ఎందుకు తలకిందులవుతుంది?

రాగిరేకు విషయంలో పోవలసినదీ రాగి సమ్మేళనమే, నిలవవలసినదీ రాగే. అమ్మోనియాకు చిలుములోని రాగి, రేకులోని రాగి అనే భేదం లేదు. గొట్టంలో తెల్లబడే గుడ్డ ఇక్కడ ఎన్నటికీ తెల్లబడదు. రేకు ఉన్నంతకాలం నీలం వస్తూనే ఉంటుంది. అంటే ఈ పనికి ముగింపు గుర్తు లేదు. ఎక్కడ ఆపాలో ద్రవం చెప్పదు, మనిషి నిర్ణయించుకోవాలి.

రాగిపై అమ్మోనియా ప్రభావానికి భారతదేశంతో ముడిపడిన ఒక ప్రసిద్ధమైన ఉదంతం ఉంది. బ్రిటిషు సైన్యం వానకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసినప్పుడు వాటి ఇత్తడి గొట్టాలు ఏ దెబ్బా తగలకుండానే పగిలిపోయేవి. ఋతువును బట్టి వచ్చే పగుళ్ళుగా దానికి పేరు పడింది. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, ఇత్తడిని సాగదీసి మలచినప్పుడు అందులో మిగిలిపోయిన బిగువు కలిసి పగుళ్ళకు కారణమయ్యాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు వివరించారు. శుద్ధమైన రాగికి ఈ ప్రమాదం తక్కువ, ఇత్తడికి ఎక్కువ. ఆలయాల్లోని ఇత్తడి దీపస్తంభాలకూ తొడుగులకూ అమ్మోనియా కలిసిన బజారు ద్రవాలు వాడేవారు ఈ సంగతిని గుర్తించవలసి ఉంది.

చిలుము అన్నది ఒకే పదార్థం కాదు. లోహాన్ని ఆనుకొని ఎర్రని, గోధుమరంగు క్యుప్రస్ ఆక్సైడు పొర ఉంటుంది. ఖనిజశాస్త్రంలో దీని పేరు క్యుప్రైటు. దానిపై గాలిలోని బొగ్గుపులుసు వాయువు, తేమల వల్ల ఏర్పడిన ఆకుపచ్చని క్షారకార్బొనేటు, అంటే మాలకైటు ఉంటుంది. పరిసరాలను బట్టి సల్ఫేట్లు, క్లోరైడులు చేరతాయి. ఆలయ వాతావరణంలో వీటికి నూనె, నెయ్యి, కర్పూరపు మసి తోడవుతాయి. నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి మైనం వంటి పచ్చని లవణాలను ఏర్పరుస్తాయి. రాగి చెంబులో నూనె నిల్వ ఉంచితే అంచున కనిపించే పచ్చదనం ఇదే.

పాఠపరిష్కర్తకు ముఖ్యమైనది క్యుప్రైటు పొర. లోహం క్షయించేటప్పుడు పైపొర అక్కడికక్కడే ఆక్సైడుగా మారుతుంది కాబట్టి, ఉలి చెక్కిన నాటి ఉపరితలం తరచు ఈ ఎర్రని పొరలోనే నిలిచి ఉంటుంది. దానిని కూడా తీసివేసి తళతళలాడే రాగిని బయటపెడితే రేకు కొత్తదిలా కనిపిస్తుంది గాని, అక్షరపు అసలు అంచు నష్టమవుతుంది. మెరుపును శుద్ధికి కొలమానంగా తీసుకోవడం ఈ రంగంలో జరిగే అతి సాధారణమైన పొరపాటు.

4. చింతపండు – టార్ట్రేటు

రాయలసీమ ఇళ్ళలో రాగి, ఇత్తడి పాత్రలను చింతపండుతో తోముతారు. శాసనాలున్న కుటుంబాలవారు రాగిరేకులను కూడా పూజాపాత్రల్లాగే తోమడం కద్దు. చింతపండులో ప్రధానంగా ఉన్నది టార్టారిక్ ఆమ్లం. ఆమ్లం ఆకుపచ్చని కార్బొనేటును, ఎర్రని ఆక్సైడును రెంటినీ కరిగిస్తుంది. పైగా తోమేటప్పుడు పీచు, ఇసుక, బూడిద కలిసి అంచులను అరగదీస్తాయి. అన్నిటికంటె హానికరమైనది చాలామంది చింతపండుకు చేర్చే ఉప్పు. ఉప్పులోని క్లోరైడు తాత్కాలికంగా మెరుపును త్వరపెడుతుంది. చెక్కిన గాళ్ళలో మిగిలిపోయి తరువాతి కాలంలో చేటు తెస్తుంది.

విశేషమేమంటే, బ్రిటిష్ మ్యూజియంలో అలెగ్జాండర్ స్కాట్ కాలం నుండి ప్రచారంలోకి వచ్చిన క్షార రాషెల్ లవణపు ద్రావణంలోనూ పనిచేసేది టార్ట్రేటే. రాషెల్ లవణం అంటే సోడియం పొటాషియం టార్ట్రేటు. లీటరు నీటికి 50 గ్రాముల సోడియం హైడ్రాక్సైడు, 150 గ్రాముల రాషెల్ లవణం కలపడం ప్లెండర్‌లీత్ 1956 నాటి గ్రంథం ద్వారా సంరక్షకులకు పరిచితమైన పాళ్ళు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో చక్కెరను పరీక్షించే ఫెహ్లింగ్ ద్రావణం నీలంగా ఉండటానికి కారణం కూడా క్షారమాధ్యమంలో రాగి అయాన్లను టార్ట్రేటు పట్టి ఉంచడమే. ఈ ద్రావణం ఆకుపచ్చని క్యుప్రిక్ సమ్మేళనాలను కరిగిస్తుంది, ఎర్రని క్యుప్రస్ ఆక్సైడును చాలావరకు వదిలివేస్తుంది. పెరట్లోని చింతపండు ఆమ్లమాధ్యమంలో చేసిన పనికీ, ప్రయోగశాలలోని టార్ట్రేటు క్షారమాధ్యమంలో చేసిన పనికీ ఉన్న వ్యత్యాసం ఒక్క పొర. ఆ పొరలోనే అక్షరం ఉంది.

5. ఎంపిక క్రమం

రేకును చేతిలోకి తీసుకోగానే రసాయనాల జాబితా వైపు చూడటం తగదు. ముందు భూతద్దంతో పొరలను గుర్తించాలి. నూనె మసి ఉంటే ఆల్కహాలు, ఎసిటోను, వైట్ స్పిరిట్ వంటి సేంద్రియ ద్రావణులతో దూది పుల్లల సాయంతో తీయాలి. రైఫిల్ గొట్టంలో మసిని ముందు తీయడం వంటిదే ఇది. జిడ్డు ఉన్నచోట నీటి ద్రావణాలు అంటవు, జిడ్డు లేనిచోట అతిగా పనిచేస్తాయి. ఫలితంగా రేకు మచ్చలమయమవుతుంది. అనేక సందర్భాల్లో ఈ మొదటి దశతోనే అక్షరాలు చదవడానికి అనువుగా తేలతాయి. అప్పుడు అక్కడే ఆపివేయడం ఉత్తమం.

ఆకుపచ్చని గట్టి పెచ్చులు అక్షరాలను కప్పివేస్తే సూక్ష్మదర్శిని కింద వెదురు పుల్లతోనో చిన్న కత్తితోనో మెల్లగా తీయడం నేటి సంరక్షకులు మొదట ఎంచుకునే మార్గం. అది సాధ్యం కానప్పుడే రాషెల్ లవణమో, క్షార గ్లిసరాలో. ఇ.డి.టి.ఎ. అనే పేరుతో ప్రసిద్ధమైన లోహబంధక లవణం వేగంగా పనిచేస్తుంది గాని ఆక్సైడు పొరను కూడా వదలదు. సిట్రిక్ ఆమ్లం నిమ్మకాయ పనినే కొలతతో చేస్తుంది, లోహాన్ని కాపాడే నిరోధకం చేర్చినా అంచులకు ప్రమాదం పూర్తిగా తప్పదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం రేకుకు పరమశత్రువు. అది తెచ్చే క్లోరైడు సంగతి తరువాత చూడవచ్చు.

చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో దక్షిణాదికి సంరక్షణ విద్య కేంద్రం మద్రాసు ప్రభుత్వ మ్యూజియం. అక్కడ 1930లో రసాయన సంరక్షణ ప్రయోగశాల ఏర్పడింది. ఎస్. పరమశివన్ కంచు విగ్రహాలను విద్యుద్విశ్లేషణ పద్ధతిలో శుద్ధి చేయడంలో పేరు పొందారు. వస్తువును రుణధ్రువంగా చేసి క్షారద్రావణంలో విద్యుత్తును ప్రసరింపజేయడం ఆ పద్ధతి. లోతుగా క్లోరైడు పట్టిన విగ్రహాలను నిలబెట్టడానికి ఆనాడు అదే దిక్కు. తరువాతి తరం సంరక్షకులు పొరలన్నిటినీ ఊడ్చివేసే ఆ పద్ధతికి దూరమై, పొరలను నిలుపుతూ స్థిరపరచే మార్గానికి మళ్ళారు. విగ్రహానికి ఏది తగినా, గీతల లోతుపై ఆధారపడిన రేకుకు ఈ రెండో మార్గమే తగినది.

6. క్లోరైడు

చిలుములన్నిటిలోనూ భయపడవలసినది ఒకటే. లోహాన్ని ఆనుకొని దాగి ఉండే క్యుప్రస్ క్లోరైడు పొడిగాలిలో నిద్రపోతున్నట్టు ఉంటుంది. తేమ, ఆక్సిజన్ తగిలితే లేత ఆకుపచ్చని పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం కొత్త రాగిపై పడి మళ్ళీ క్యుప్రస్ క్లోరైడును తయారుచేస్తుంది. ఈ చక్రానికి బయటి నుండి కొత్తగా ఉప్పు అక్కరలేదు. సంరక్షకులు దీనిని కంచురోగమని వ్యవహరిస్తారు, రాగికీ ఇది వస్తుంది. సాపేక్ష ఆర్ద్రత 40 శాతానికి దిగువన ఉంటే ఈ వ్యాధి అణగి ఉంటుంది. సుమారు 850 మీటర్ల ఎత్తున, ఈశాన్య రుతుపవనాల వానలు, మంచు ఆవరించే తిరుమల కొండపై సహజవాతావరణంలో అటువంటి పొడితనాన్ని ఆశించలేము. గాలి చొరని పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ ఉంచడం ఏ ద్రావణి కంటెనూ ఎక్కువ మేలు చేస్తుంది.

స్థిరమైన చిలుము గట్టిగా, నునుపుగా ఉంటుంది. రోగపు చిలుము గోటికి పొడిగా రాలుతుంది. అనుమానం ఉన్నప్పుడు రేకును తేమగల మూతపెట్టెలో ఒక రోజు ఉంచితే వ్యాధి ఉన్నచోట లేతపచ్చ చుక్కలు తేలతాయి. సోడియం సెస్క్వికార్బొనేటు 5 శాతం ద్రావణంలో నానబెట్టి క్లోరైడును మెల్లగా లాగివేయడం పాత పద్ధతి. దీనికి నెలలు పట్టవచ్చు, చిలుము రంగు మారే అవకాశమూ ఉంది. 1967లో మ్యాడ్సెన్ ప్రతిపాదించిన బెంజోట్రయజోల్ వేరే విధంగా పనిచేస్తుంది. ఆల్కహాలులో 3 శాతం ద్రావణంగా వాడే ఆ పదార్థం క్లోరైడును తీయదు, రాగి అయాన్లతో పలుచని పొరగా ఏర్పడి తేమను అడ్డుకుంటుంది. దీనిని వట్టి చేతులతో తాకరాదు. దానిపై ఎసిటోనులో కరిగించిన పారలాయిడ్ బి-72 పూత పూస్తారు. ఆ పూతను ఎసిటోనుతోనే మళ్ళీ తీసివేయవచ్చు. రేపటి పరిశోధకుడికి దారి మూయకుండా ఉండటమే దాని గొప్పతనం.

ఏ నీటి ద్రావణం వాడినా చివర డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడగాలి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే తెల్లని విరుగుడు రాకుండా ఉన్నప్పుడే క్లోరైడు పోయిందనుకోవచ్చు. కొళాయి నీటితో కడిగితే ఈ పరీక్షకు అర్థమే ఉండదు, ఆ నీటిలోనే క్లోరైడు ఉంటుంది.

7. శుద్ధి – పాఠభేదం

ఉలిగీత లోతు అక్షరమంతటా ఒకే విధంగా ఉండదు. ప్రధాన శరీరం లోతుగా, తలకట్టు, ఒత్తు, మహాప్రాణపు నిలువుగీత వంటివి తేలికగా ఉండటం సహజం. ద్రావణి ఉపరితలాన్ని సమంగా తరిగించినా నష్టం సమంగా ఉండదు, తేలిక గీతలే మొదట పోతాయి. తలకట్టు పోయిన రకారం సున్నగా కనిపించవచ్చు. నిలువుగీత పోతే ధకారం దకారమవుతుంది, ఫకారం పకారమవుతుంది. దీనికి విపర్యయంగా క్లోరైడు తవ్విన గుంట లేని అక్షరాన్ని సృష్టిస్తుంది. రకారం నడుమ పడిన గుంట ఠకారాన్ని, ధకారం నడుమ పడినది థకారాన్ని స్ఫురింపజేస్తాయి. పరిష్కర్త దీనిని లేఖకదోషంగా భావించి సవరిస్తే, చేయని తప్పు లేఖకుడి మెడకు చుట్టుకుంటుంది.

మొదటి రేకులోని కాలనిర్దేశం ఈ సందర్భంలో పరిశీలించదగినది. అన్నమాచార్యులు పదాఱవ ఏట శక సంవత్సరం 1346 క్రోధి నుండి, శక సంవత్సరం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు సంకీర్తనలు చెప్పినట్లు అందులో ఉంది. ఆయన జీవితకాల నిర్ణయానికి ఇదే ప్రధానాధారం. ఇక్కడ అంకెకు సంవత్సర నామం సాక్షిగా నిలిచింది. ఒక అంకె చెరిగినా క్రోధి, దుందుభి అనే పేర్లు దానిని తిరిగి నిలబెట్టగలవు. సంకీర్తన చరణంలోని అక్షరానికి అటువంటి రెండో సాక్షి లేదు. యతి, ప్రాసలు కొంతవరకు తోడ్పడతాయి. యతిప్రాసలు తాకని చోట, ముఖ్యంగా జానపద పదాలు, నేడు వాడుకలో లేని దేశ్యాలు ఉన్నచోట, ఆ రాగి ఒక్కటే ఆధారం. నిఘంటువుల్లో లేని మాట కనిపించినప్పుడు అది తాళ్ళపాక వారి సీమ పలుకుబడియా, చిలుము చేసిన మాటయా అన్నది లోహాన్ని చూడకుండా తేల్చలేము.

అందువల్ల ప్రతి రేకుకూ శుద్ధిచరిత్ర అవసరం. శుద్ధికి ముందు ఏటవాలు వెలుతురులో రెండు దిక్కుల నుండి తీసిన ఛాయాచిత్రాలు, బరువు, వాడిన ద్రావణి, గాఢత, వ్యవధి, ఆపిన దశ, తరువాతి ఛాయాచిత్రాలు అందులో ఉండాలి. ఏటవాలు వెలుతురులో గీత ఒక అంచున వెలుగు, మరొక అంచున నీడ చూపుతుంది. వెలుతురు దిక్కు మార్చితే ఉలిగీత నీడ కూడా క్రమంగా మారుతుంది, క్షయగుంట నీడ మాత్రం ఆకారం లేకుండా చెదరుతుంది. చాలా సందర్భాల్లో ఈ ఛాయాచిత్రాలే పాఠాన్ని ఇచ్చి, ద్రావణితో పనే లేకుండా చేస్తాయి. పరిష్కృత ప్రతుల పీఠికల్లో ప్రతుల వివరణకు కేటాయించే పుటల్లోనే ఈ శుద్ధిచరిత్రను చేర్చవచ్చు. సందిగ్ధాక్షరానికి ఇచ్చే అధోజ్ఞాపికలో "రేకులో అస్పష్టం" అని వదిలేయక, అది చిలుముతో కప్పబడినదా, గుంటపడినదా, శుద్ధిలో అరిగినదా అన్న మూడింటిలో ఒకటి పేర్కొంటే తరువాతి చదువరికి దారి దొరుకుతుంది. కప్పబడిన అక్షరాన్ని మళ్ళీ చదివే ఆశ ఉంది. గుంటపడిన దానిని సూక్ష్మదర్శిని కింద అంచులను బట్టి ఊహించవచ్చు. అరిగిన దానికి పాత ఛాయాచిత్రమో, మునుపటి ప్రతిలిపియో తప్ప వేరే ఆధారం ఉండదు.